తగ్గుదల లేని సంవత్సరం

...పోయినదేమీ లేదు, అసలు విషయమే అది, పోయిందల్లా ఖాళీ. కానీ ఖాళీ పోయిందని ఒక కమిటీ ముందు కూర్చుని ఎలా చెప్పడం? చెబితే, ఆ ఖాళీని మొదట ఎందుకు పెట్టారని అడుగుతారు.  ఇలా అనుకుంటూ శితికంఠం సమావేశ మందిరం బయట బెంచీ మీద కూర్చుని, చొక్కా జేబులో చెయ్యి పెట్టి బిళ్లను తడుముకున్నాడు. ఉంది. బొటనవేలి గోరంత బిళ్ల, నాలుగు పదునైన మూలలతో, చల్లగా, తన పరిమాణానికి తగని బరువుతో జేబును కిందికి లాగుతూ ఉంది.

ఆ బిళ్ల కోసం అతని ఉద్యోగంలో మంచి భాగమంతా ఖర్చయింది. అది టంగ్‌స్టన్ కార్బైడ్ బిళ్ల. ఉక్కును కోసే పనిముట్లకు మొనగా పెడతారు. ఎంత గట్టి పొడి అయినా దాని రేణువులు వాటంతట అవి ఒకదాన్నొకటి పట్టుకోవు. మధ్యలో కరిగి, అన్నిటినీ కలిపి ఉంచే లోహం ఒకటి కావాలి. లోకమంతా అందుకు కోబాల్ట్ వాడుతుంది. అది పరాయి దేశాల నుంచి రావాలి, పైగా దాని దుమ్ము పీల్చిన పనివాళ్ల ఊపిరితిత్తులు పాడవుతాయి. దాని బదులు ఇనుము పెడితే సరిపోతుంది కదా అని చాలామంది అంటారు. పెట్టి చూసినవాళ్లు మాత్రం రెండోసారి అనరు. ఇనుముది అలిగే స్వభావం. మిశ్రమంలో కార్బన్ పిసరంత తక్కువైతే బిళ్ల పెళుసుబారి చేతిలోనే విరుగుతుంది. పిసరంత ఎక్కువైతే లోపల మసి పడుతుంది. ఆ రెండు పిసర్ల మధ్య ఉన్న సన్నటి సందును వెతుకుతూ శితికంఠం జుట్టు నెరిసింది. కిందటి నెలలో, ఇనుముకు కొంచెం నికెల్ తోడు చేసి, చివరికి ఆ సందు పట్టుకున్నాడు. బిళ్ల విరగలేదు. లేతు యంత్రం మీద పెడితే, తిరిగే ఉక్కు కడ్డీ నుంచి నీలం రంగు చుట్టలు తీసింది. కొలిమి నడిపే యాకూబ్ ఆ చుట్టల్లో ఒకదాన్ని ఏరి, గోడకు మేకు కొట్టి తగిలించాడు.

అయితే శితికంఠం సందు పట్టుకున్న నెలలోనే, నగరం శివార్లలో రాళ్లగుట్టల మధ్య ఉన్న ఆ కఠిన లోహాల సంస్థ మరొకటి పట్టుకుంది. డైరెక్టర్ గజపతి గారు ఒక పెద్ద హోటల్లో జరిగిన నాయకత్వ శిబిరానికి వెళ్లి, ఆ సంవత్సరాన్ని వృద్ధి సంవత్సరంగా ప్రకటించి వచ్చారు. గోడలన్నిటి మీదా పైకి లేచే ఎర్ర బాణాలు వెలిశాయి. మరుగుదొడ్డి తలుపు మీద కూడా ఒకటి వెలిసింది. తారకేశ్వర్ అనే యువకుడు వృద్ధి అధికారిగా చేరాడు. అతని చేతిలో ఎప్పుడూ ఒక స్టీలు స్కేలు ఉండేది.

శితికంఠాన్ని లోపలికి పిలిచారు. బిళ్లను బల్ల మీద పెట్టి, గొంతు సవరించుకుని, లేతు సంగతి, నీలం చుట్టల సంగతి చెప్పాడు. అంతా విన్నాక తారకేశ్వర్ స్కేలు బయటికి తీశాడు.

"కొలిమిలోకి వెళ్లేటప్పుడు దీని కొలత ఇంతేనాండీ?"

"కాదండి. అప్పుడు కొంచెం పెద్దది. ప్రతి వైపూ ఇంచుమించు ఐదో వంతు తగ్గుతుంది."

 టీ కప్పు ఎత్తిన డైరెక్టర్ గారు దాన్ని సాసర్లో పెట్టేశారు.

"బరువు?" అన్నాడు తారకేశ్వర్.

"బరువు దాదాపు అంతే ఉంటుందండి."

"బరువు అంతే ఉండి కొలత తగ్గడం నేను ఎక్కడా చూడలేదు. ఆ ఐదో వంతు ఎటు పోయింది?"

"రేణువుల మధ్య సందులు ఉంటాయండి. ఇనుము కరిగి వాటిలోకి పారి, రేణువుల్ని దగ్గరికి లాక్కుంటుంది. సందులు మూసుకుపోతాయి. అందుకే గట్టిపడుతుంది. కొలిమిలో పెట్టకముందు ఇది సుద్దముక్క లాంటిదే, గోటితో గీరితే రాలుతుంది."

"అంటే," అని తారకేశ్వర్ డైరెక్టర్ వైపు తిరిగాడు, "సంస్థకు చెందిన పరిమాణం సంస్థ కొలిమిలో, సంస్థ కరెంటుతో అంతరించింది సార్."

గజపతి గారు కళ్లజోడు తీసి చేత్తో పట్టుకున్నారు. ముఖ్యమైన మాటలన్నీ ఆయన కళ్లజోడు లేకుండా చెబుతారు.

"శితికంఠం గారూ, మీ అంకితభావాన్ని సంస్థ ఎప్పుడూ గౌరవిస్తుంది. అయితే సర్వతోముఖ వృద్ధిని సంకల్పించిన ఈ తరుణంలో, ఒక సీనియర్ శాస్త్రవేత్త తన వస్తువును చిన్నది చేసి తెచ్చి బల్ల మీద పెట్టడం బయటి ప్రపంచానికి ఎటువంటి సంకేతం పంపుతుందో మీరే ఆలోచించండి."

"సరేనండి," అన్నాడు శితికంఠం.

అతను ఎప్పుడూ అదే అంటాడు. అనగానే తనను తాను తిట్టుకుంటాడు, అదీ ఎప్పుడూ జరిగేదే. పొడిని అచ్చులో నొక్కేటప్పుడు అందులో కాస్త మైనం కలుపుతారు. కొలిమిలోకి చేరేదాకా బిళ్ల విడిపోకుండా ఆ మైనమే పట్టి ఉంచుతుంది. తనను పట్టి ఉంచుతున్నది ఈ 'సరేనండి' అని శితికంఠానికి చాలాసార్లు అనిపించింది. అది తీసేస్తే తాను బెంచీ మీద పొడి పొడిగా రాలిపోతాడేమో. రాలితే ఊడ్చేవాళ్లు ఎవరు అని కూడా ఆలోచించాడు. ఆలోచనలకు అతని దగ్గర ఎప్పుడూ లోటు లేదు.

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. సంస్థలోకి ప్రవేశించిన ఏ పదార్థమూ, ఏ ప్రక్రియ అనంతరమైనా, ప్రవేశ సమయపు పరిమాణం కంటే తక్కువ పరిమాణంతో నిష్క్రమించరాదు. శితికంఠం పేరు అందులో లేదు. పెద్ద ఉత్తర్వుల్లో మనుషుల పేర్లు ఉండవు.

ఆ ఉత్తర్వును మొదట డ్రాయింగ్ విభాగం పాటించింది. పెన్సిళ్లు చెక్కడం మానేశారు. మొద్దు పెన్సిళ్లతో గీసిన గీతలు లావుగా వచ్చేసరికి, అదీ ఒక రకమైన వృద్ధేనని తారకేశ్వర్ మెచ్చుకున్నాడు. సమావేశ మందిరం కర్టెన్లు ఉతికితే కుంచించుకుపోతాయని ఉతకడం మానేశారు. చేతులు కడిగే చోట సబ్బు ఉంది, వాడకూడదు. క్యాంటీన్‌లో పూరీల దగ్గర మాత్రం పెద్ద చిక్కు వచ్చింది. నూనెలో పొంగిన పూరీ పళ్లెంలోకి రాగానే కుంగిపోతుంది. ఇది బహిరంగ ధిక్కారం. పూరీని కుంగకముందే తినాలని గోడకు నోటీసు అంటించారు. నాలుకలు కాల్చుకున్నవాళ్లు డిస్పెన్సరీకి వెళ్తే, వాచిన నాలుకను చూసి అక్కడి డాక్టరు చాలా జాగ్రత్తగా మాట్లాడాడు. వాపు తగ్గడానికి మందు రాయవచ్చో లేదో ఆయనకు తెలియలేదు.

పూరీల తనిఖీకి వెళ్లిన రోజునే గజపతి గారు ఇడ్లీ పిండిని చూశారు. రాత్రి గిన్నెలో సగానికి పోసిన పిండి తెల్లవారేసరికి మూతను పక్కకు తోసి బల్ల మీదికి దిగింది. ఆయన చాలాసేపు దాని ముందు నిలబడ్డారు. కళ్లజోడు తీశారు.

ఆ ఏటి ఉత్తమ పరిశోధన పురస్కారం క్యాంటీన్‌కు ఇచ్చారు.

"గంత పెద్ద సభ పెట్టిండ్రు సార్," అంది క్యాంటీన్ నడిపే మాణిక్యమ్మ, శితికంఠానికి టీ పోస్తూ. "నన్ను మైకు కాడ నిలవెట్టి ఎట్ల సాధించినవని అడిగిండ్రు. పప్పు నానవెట్టిన, రుబ్బిన, మూతవెట్టి ఇంటికి వోయిన అన్న. దానికే చప్పట్లు. శాలువ గూడ కప్పిండ్రు. ఈ ఎండలల్ల శాలువ ఏం జేసుకోవాలె?"

"దాచుకోండి."

"దాచుకుంట. ఉతకద్దంట గద." ఆమె గ్లాసు అతని ముందు పెట్టింది. "నీ పొయ్యిల పెడితే చిన్నగైతుందంట? ఏం పొయ్యి సార్ అది? నాదొకటి తీస్కపో, కిస్తీల మీద ఇస్త."

శితికంఠం నవ్వాడు. నవ్వుతూనే జేబు తడుముకున్నాడు.

రెండో సమావేశంలో గజపతి గారు సూటిగా విషయానికి వచ్చారు. "మీరు పద్నాలుగు వందల డిగ్రీల దగ్గర తగ్గిస్తున్న దాన్ని ఒక సామాన్య మహిళ గది ఉష్ణోగ్రత దగ్గర పెంచుతోంది. ఇక్కడ మనం నేర్చుకోవలసింది లేదంటారా?"

"అది వేరే పదార్థమండి. మినప్పప్పు."

"మినప్పప్పు స్వదేశీ కాదా?" అన్నాడు తారకేశ్వర్.

క్యాంటీన్ నుంచి కొలిమికి సాంకేతిక పరిజ్ఞానం బదిలీ చేయాలని తీర్మానమైంది. మొదట పొడిలో పిండి కలపాలన్నారు. అంతలో ఎవరో పెద్దమనిషి, పిండి పులవడానికి రాత్రంతా పడుతుంది, మనకు వేగం ముఖ్యం, వంటసోడా అయితే వెంటనే పొంగుతుంది అన్నాడు. కొలిమిని పూర్తిగా వేడి చేయకూడదు, ఇనుము కరిగితే మళ్లీ తగ్గుదల మొదలవుతుంది గనుక పొంగగానే ఆపేయాలి అని కూడా రాసుకున్నారు. ఆ చివరి మాట సాంకేతికంగా నిజమే. అది నిజమని తెలిసినవాడు గదిలో ఒక్కడే ఉన్నాడు. అతను సరేనండి అన్నాడు.

యాకూబ్ వంటసోడా పొట్లాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. అతనూ శితికంఠమూ ఒకే ఏడు ఉద్యోగంలో చేరారు. ఇన్నేళ్లలో కొలిమి గదిలోకి చెప్పులతో ఎవరినీ రానివ్వలేదు అతను.

"దీన్ని కొలిమిల ఎయ్యాలె?"

"ఉత్తర్వు వచ్చింది యాకూబ్."

"ఉత్తర్వుకు నేను సలాం గొడ్త సార్. కొలిమికి ఏం జెప్పాలె?"

శితికంఠం గోడ మీద మేకుకు వేలాడుతున్న నీలం చుట్ట వైపు చూశాడు.

"ఒక్క మాట అడుగుత, కోపం జెయ్యకు," అన్నాడు యాకూబ్. "ఎదురు మాట్లాడుడు నీకు వస్తలేదా, వచ్చినా మాట్లాడవా? చిన్నప్పుడు మీ నాయిన బాగ గొట్టెటోడా?"

"కొట్టేవాడు కాదు. కొలిచేవాడు."

అది నిజం. ఏటా బడి తెరిచే రోజు తండ్రి అతన్ని గుమ్మానికి ఆనించి నిలబెట్టి, తల మీద స్కేలు పెట్టి, గుమ్మం మీద పెన్సిల్‌తో గీత గీసేవాడు. ఒక ఏడు కొత్త గీత పాత గీత మీదే పడింది. తండ్రి కాసేపు చూసి, స్కేలును కాస్త పైకి జరిపి, తలకు అంటకుండా గీత గీశాడు. ఇంటికి వచ్చినవాళ్లకు ఆ గీతే చూపించాడు. ఆ ఏడంతా శితికంఠం ఆ గుమ్మంలోంచి వెళ్లినప్పుడల్లా తన తలకూ ఆ గీతకూ మధ్య ఉన్న జాగాను మాడు మీద మోశాడు. తర్వాత అతను పెరిగాడు, గీతను దాటాడు కూడా. కానీ ఆ జాగా ఎప్పుడైనా మూసుకుపోయిందా? ఆ మాట యాకూబ్‌కు చెప్పాలనుకున్నాడు. 

"పొడి కలుపు," అన్నాడు.

సోడా బిళ్ల పెరిగింది. బన్నులా ఉబ్బి, పైన పగిలి, బూడిదరంగులో కొలిమి లోంచి బయటికి వచ్చింది. పక్క గిన్నెల్లో పెట్టిన మిగతా బిళ్లలన్నీ పొడై రాలిపోయాయి. తారకేశ్వర్ నాలుగు వైపులా స్కేలు పెట్టి, పెద్దదైందని ప్రకటించాడు. ముట్టుకుంటే రాలుతుంది గనుక దాన్ని దూది పరిచిన గాజుపెట్టెలో పెట్టి, తాకరాదు అని రాశారు. ఉక్కును కోసే పనిముట్టును మనుషులు తాకకూడదంటే అది ఎంత పదునుగా ఉండి ఉంటుందోనని చూసినవాళ్లు గుసగుసలాడుకున్నారు.

ఢిల్లీ నుంచి పెద్ద అధికారి వచ్చిన రోజున ఒక చిన్న చిక్కు ఎదురైంది. పనిముట్టు దేన్నైనా కోసి చూపిస్తే బాగుంటుందని ఆయన అన్నాడు. ఉక్కు కడ్డీ కోసం ఎవరూ కదల్లేదు. ఆ రోజే వృద్ధి సంబరాల కోసం తెప్పించిన కేకు ఉంది. బన్ను లాంటి ఆ బిళ్లను దూదితో పట్టుకుని, గజపతి గారే స్వయంగా దానితో కేకు కోశారు. కోత సగంలో ఉండగా పనిముట్టు కేకులో కలిసిపోయింది.  అప్పుడు తారకేశ్వర్ ముందుకు వచ్చి, కోయడం వల్ల కేకు పరిమాణం పెరిగిందని గమనించవలసిందిగా ప్రార్థించాడు. చప్పట్లు కొట్టారు. బూడిదరంగు ముక్కలను అందరూ భక్తిగా అందుకుని, మర్యాదగా కుర్చీల కింద పెట్టారు.

ఆ విజయం తర్వాత కొలిమికి రోజులు దగ్గరపడ్డాయి. దాని తలుపు మీద లక్క ముద్ర వేసి, తగ్గుదల కారక యంత్రం అని కాగితం అంటించారు. దాన్ని పాత ఇనుముకు అమ్మేసి, ఆ గదిలో ఆవిరి వృద్ధి విభాగం ప్రారంభిస్తారట. పెద్ద ఇడ్లీ పాత్రలకు టెండర్లు కూడా పిలిచారు. ఇక ఒకే పని మిగిలింది. కొలిమిలో పుట్టిన ఆ చిన్న బిళ్ల ఫలితం కాదని దాన్ని చేసినవాడే నోటితో కమిటీకి చెప్పాలి. చెప్పగానే కొలిమిని పీకేస్తారు. ఆ బిళ్లకు రెండోది చేయగల కొలిమి చుట్టుపక్కల ఇంకెక్కడా లేదు. రెండోది చేయలేకపోతే మొదటిది చేశాడని ఎవరు నమ్ముతారు? ఎవరైనా ఆకాశం నుంచి పడిందనవచ్చు. శితికంఠం కలగన్నాడనవచ్చు. అతనికే ఒకోసారి అలా అనిపించి, జేబు తడుముకునేవాడు.

కమిటీ ముందుకు వెళ్లవలసిన రోజు ఉదయం అతని భార్య హైమవతి ఇస్త్రీ చేసిన చొక్కాను వెలుతురుకు పట్టి చూసింది.

"మళ్లీ చిరిగింది జేబు. ఏం మోస్తున్నారండీ ఇందులో, రాయా?"

"రాయి కాదు."

"మరి?"

"చెబితే పెద్ద కథ."

"మీ కథలన్నీ పెద్దవే, చెప్పేవి మాత్రం ఏమీ ఉండవు," అని ఆమె సూదిలో దారం ఎక్కించి, జేబుకు అడుగున రెండో పొరగా గుడ్డముక్క వేసి కుట్టింది. దారాన్ని పంటితో తెంపి, "ఇంక చిరగదు, ఎంత బరువైనా మొయ్యండి," అంది.

సమావేశం డైరెక్టర్ గారి గదిలోనే జరిగింది. ఆయన బల్ల మీద పరిచిన అద్దం కింద వృద్ధి పటం ఉంది. ఎర్ర బాణం ఆ మూల నుంచి ఈ మూలకు ఎక్కి, ఆయన మోచేతి కిందికి వెళ్లి ఆగింది. తారకేశ్వర్ స్కేలును తొడ మీద తట్టుకుంటున్నాడు.

"లాంఛనమే శితికంఠం గారూ," అన్నారు గజపతి గారు. కళ్లజోడు అప్పటికే చేతిలో ఉంది. "మీ గౌరవానికి ఎటువంటి భంగమూ లేదు. నూతన విభాగానికి మిమ్మల్నే సలహాదారుగా నియమించే ప్రతిపాదన కూడా పరిశీలనలో ఉంది."

"ఇడ్లీ విభాగానికాండీ?"

"ఆవిరి వృద్ధి," అని సరిదిద్దాడు తారకేశ్వర్. "ఒక్క వాక్యం చాలండి. తగ్గినది ఫలితం కాదు. మీరు అంటే మేము నమోదు చేసుకుంటాం."

శితికంఠం నోరు తెరిచాడు. ఎప్పటి మాటే నాలుక చివరికి రావాలి. ఇన్నేళ్లుగా అడగకుండానే వచ్చిన మాట అది. దాని కోసం ఒక క్షణం ఆగాడు. కొలిమిలో వేడి మొదలైనప్పుడు అన్నిటికంటే ముందు కరిగిపోయేది మైనమే. ఆ పొగ వాసన ముక్కుకు తగిలినట్టు అనిపించింది. అది పోయాక కాసేపు బిళ్లను పట్టి ఉంచేది ఏదీ ఉండదు. ఆ కాసేపట్లోనే కొన్ని రాలిపోతాయి. తాను రాలుతాడేమోనని కుర్చీలో కదలకుండా కూర్చుని చూసుకున్నాడు. రాలలేదు.

"వింటున్నారా?" అన్నాడు తారకేశ్వర్.

శితికంఠం హైమవతి కుట్టిన జేబులోంచి బిళ్లను తీశాడు. ఏదో ఒక మూలను చూపుడు వేలి కింద పెట్టి, అద్దం మీద ఆనించి, తన వైపు నుంచి కొంచెం లాగాడు. పళ్లు జివ్వుమనే చప్పుడు వచ్చింది. అద్దం మీద జానెడు తెల్లటి గీత పడింది.

గజపతి గారు జేబురుమాలు తీసి దాన్ని తుడిచారు. పోలేదు. అద్దం మీదికి వంగి నోటితో ఆవిరి ఊది మళ్లీ తుడిచారు. ఆవిరి పోయింది, గీత ఉంది. కళ్లజోడు పెట్టుకుని మరీ చూశారు.  తారకేశ్వర్ అలవాటు కొద్దీ గీత పక్కన స్కేలు పెట్టి కొలిచాడు. చాలా పొట్టిగా ఉందన్నట్టు పెదవి విరిచాడు.

"ఇది పెరుగుతుందాండీ?" అని అడిగాడు.

శితికంఠం బిళ్లను మళ్లీ గీత చివర ఆనించి, ఎర్ర బాణానికి అడ్డంగా, తొందర లేకుండా, బల్ల అవతలి అంచు దాకా లాక్కుంటూ వెళ్లాడు. మధ్యలో డైరెక్టర్ గారు మోచెయ్యి ఎత్తి దారి ఇచ్చారు.